ఓపిక పట్టమని మాత్రం నేను చెప్పను చెల్లీ

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. మా బాబుకి నాలుగేళ్ళు. రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. అప్పటిదాకా ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్‌గా చేసేదాన్ని, మానేశాను. మా ఆయనది హైదరాబాద్‌లో జాబ్, శనివారం పొద్దున వచ్చి ఆదివారం రాత్రి బస్సుకి వెళ్ళిపోతారు. ఇంట్లో నేను, బాబు, అత్తగారు. వాడు రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే మళ్ళీ పడుకునేది ఐదింటికే. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకుంటాడు, అందుకని పచ్చడి చెయ్యడమే మానేశాను. రోజూ ఆటోలో థెరపీకి తీసుకెళ్ళి తీసుకురావాలి, ఇంటికొచ్చాక వాళ్ళిచ్చిన హోంవర్క్ చేయించాలి. వారానికి నలభై గంటలు చేయిస్తేనే మార్పు వస్తుందని విన్నాను, అంత నా వల్ల కావట్లేదు. అత్తగారేమో మా వంశంలో ఇలాంటివి లేవు, నువ్వే ఫోన్ ఇచ్చి పాడు చేశావ్ అంటారు. మా ఆయనేమో మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయి, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్ అంటారు. తెలిసినవాళ్ళు స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్ చేయిస్తే నయమైపోతుందన్నారు, నా నగలు అమ్మి చేయిద్దామా అనుకుంటున్నా. మొన్న రాత్రి అన్నం గిన్నె విసిరేస్తే వీపు మీద గట్టిగా కొట్టేశాను, వేళ్ళు అచ్చు పడ్డాయి. తర్వాత బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఒక్కోసారి ఇద్దరం లేకుండా పోతే బాగుండు అనిపిస్తోంది. అందరూ ఓపిక పట్టు అంటున్నారు. నా ఓపిక అయిపోయింది అక్కా. నేను చెడ్డ తల్లినా?

సమాధానం:

చెల్లీ, చెడ్డ తల్లివి కాదు. ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం, ముందు నువ్వు చివర్లో ఒక్క లైన్లో రాసి వదిలేసిన మాట ఉంది చూడు, ఇద్దరం లేకుండా పోతే అని, దాని సంగతి చూడాలి. అది నేను తేలిగ్గా తీసుకోను, నువ్వూ తీసుకోవద్దు. ఈ ఉత్తరం చదవడం అయిపోగానే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులేమీ అక్కర్లేదు, రాత్రి రెండింటికి బాబు లేచినప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నాకు ఇప్పుడు చెప్పినంత సూటిగానే వాళ్ళకీ చెప్పు. ఆ ఆలోచన అలా వచ్చి పోవడం కాకుండా ఎప్పుడు, ఎలా అనే దాకా వెళ్ళిందంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకు, బాబుని అత్తగారి చేతిలో పెట్టి పక్కింటికైనా సరే వెళ్ళి కూర్చుని మీ ఆయనకి ఫోన్ చేసి ఇప్పుడే బయల్దేరమను, ఆగలేకపోతే సరాసరి హాస్పిటల్‌కి వెళ్ళిపో. ఆఫీసులో ఏమనుకుంటారో, అత్తగారేమంటారో అని చూసే టైం కాదది.

అంత దూరం వెళ్ళలేదు, ఊరికే అనిపిస్తోంది అన్నా కూడా ఈ వారంలో సైకియాట్రిస్ట్‌ని కలవాలి. మీ గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనే సైకియాట్రీ ఓపీ ఉంది. రెండు వారాలకి మించి దాదాపు రోజూ దిగులుగా ఉండటం, దేని మీదా ఇష్టం లేకపోవడం, బాబు పడుకున్నప్పుడు కూడా నీకు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, నేను ఎందుకూ పనికిరాననిపించడం, ఇవన్నీ ఉంటే అది డిప్రెషన్ అయ్యుండొచ్చు. దానికి కౌన్సెలింగ్ ఉంది, అవసరమైతే మందులున్నాయి, తగ్గుతుంది. పిచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్ళిందంటారని భయపడకు, బాబు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళినా తప్పు లేదు, నీ ఆరోగ్యం బాబు ట్రీట్‌మెంట్‌లో భాగమే కదా.

ఇక ఓపిక సంగతి. అందరూ నీకు ఓపిక పట్టు అంటున్నారంటే నాకు కోపమే వచ్చింది చెల్లీ. రాత్రి మూడు గంటలు నిద్ర లేకపోవడం, పగలంతా థెరపీ, వంట, ఆటోలు, మాటలు పడటం, ఇదంతా ఒక్క మనిషి మీద వేసి ఓపిక పట్టమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకి మిగతా తల్లిదండ్రుల కంటే, డౌన్ సిండ్రోమ్ లాంటి వేరే ఇబ్బందులున్న పిల్లల తల్లిదండ్రుల కంటే కూడా స్ట్రెస్ ఎక్కువ ఉంటుందని ఎన్నో దేశాల్లో చేసిన రీసెర్చ్ చెప్తోంది. అందులో కూడా అమ్మల్ని బాగా కుంగదీసేది పిల్లాడికి ఆటిజం ఎంత ఎక్కువుందన్న దానికంటే నిద్ర లేకపోవడం, విసరడం, కొట్టుకోవడం లాంటి ప్రవర్తన, ఇంట్లో సాయం లేకపోవడం. నీ ఉత్తరంలో ఈ మూడూ ఉన్నాయి. కాబట్టి నేను నీ ఓపిక పెంచే మాట చెప్పను, నీ మీదున్న పని తగ్గించే మాటే చెప్తాను.

ముందు నలభై గంటల లెక్క నీ నెత్తి మీంచి దించెయ్. ఆ నంబర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా, 1987లో అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్ట్ రాసిన ఒక స్టడీ నుంచి. అందులో అంత ఎక్కువగా థెరపీ ఇచ్చింది 19 మంది పిల్లలకి, ఇచ్చిందేమో యూనివర్సిటీలో ట్రైనింగ్ అయిన స్టూడెంట్లు, ఒక్కో పిల్లాడికి కొంతమంది చొప్పున. తల్లిదండ్రులు కూడా చెయ్యి వేశారు గానీ అన్నం వండుకుంటూ, ఉతుక్కుంటూ, నిద్రలేకుండా ఒక్క తల్లి చేసింది కాదది. పైగా 2024లో బోలెడన్ని స్టడీలు కలిపి చూసినప్పుడు గంటలు పెంచినకొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. నువ్వు నలభై గంటలు చేయించలేకపోయావని బాబు భవిష్యత్తు ఏమీ పోలేదు.

అలాగని ఇంట్లో ఏమీ చెయ్యక్కర్లేదని కాదు. తల్లిదండ్రులకి నేర్పిస్తే పిల్లలకి ఉపయోగం ఉంటుందని మన దగ్గరే గోవాలో, పక్కన పాకిస్తాన్‌లో రావల్పిండిలో కలిపి చేసిన ఒక ట్రయల్‌లో తేలింది, 2016లో వచ్చింది అది, నేర్పించింది పెద్ద స్పెషలిస్టులు కాదు, ట్రైనింగ్ ఇచ్చిన మామూలు హెల్త్ వర్కర్లు. అందులో నేర్పిందేంటంటే పిల్లాడు దేనితో ఆడుతుంటే అక్కడికే మనం వెళ్ళడం, వాడు చూసేదే మనం చూడటం, ఒకటి రెండు మాటలనడం, వాడు బదులిచ్చేదాకా ఆగడం. నీ బాబు బట్టల క్లిప్పులు వరసగా పెట్టుకుంటున్నాడనుకో, లాగేసి బొమ్మల కార్డులు ముందు పెట్టకు. పక్కన కూర్చుని ఒక క్లిప్ నువ్వు చేత్తో పట్టుకుని ఉండు. వాడు దానికోసం నీ చెయ్యి చూస్తాడు, లేదా నీ మొహం చూస్తాడు, అప్పుడు 'క్లిప్పు' అని ఇచ్చెయ్. మళ్ళీ ఇంకోటి. ఇలా రోజుకి ఒక అరగంట, అదీ నీకు మూడ్ బాగున్నప్పుడు. మిగతా హోంవర్క్ స్నానంలో, అన్నం దగ్గర, చెప్పులేసుకునేటప్పుడు దొరికినంత. థెరపిస్ట్‌తో ఇలాగే చెప్పు, ఇంట్లో ఒక్కదాన్నే, ఈ నెలకి ఒక్క టార్గెట్ ఇవ్వండి, అంతకంటే నేను చెయ్యలేను అని. మంచి థెరపిస్ట్ అయితే అర్థం చేసుకుంటారు. నువ్వు చేయించట్లేదు కాబట్టే ఇంప్రూవ్‌మెంట్ లేదు అని నిన్ను నలుగురిలో నిలదీసే సెంటర్ అయితే వేరే సెంటర్ చూసుకో, మొహమాటం వద్దు.

అన్నిటికంటే ముందు తేలాల్సింది నిద్ర. ఆటిజం ఉన్న పిల్లల్లో సగం మందికి పైగా నిద్ర సమస్యలుంటాయి, నీ ఇంట్లోనే అనుకోకు. పీడియాట్రిషియన్‌కి ఇది ప్రత్యేకంగా చెప్పు, మాటలు రావట్లేదని చెప్పి ఇది చెప్పకుండా వచ్చేస్తుంటారు చాలామంది. మలబద్ధకం, ముక్కు మూసుకుపోవడం, కడుపులో మంట, ఐరన్ తక్కువవడం లాంటివి ఉంటే కూడా లేస్తుంటారు, మాటలు లేని పిల్లాడు చెప్పలేడు కదా. నిద్రకి మెలటోనిన్ అనే మందు వాడతారు, అది డాక్టర్ రాస్తేనే, మెడికల్ షాపులో అడిగి తెచ్చి వెయ్యకు. రోజూ ఒకే టైంకి స్నానం, ఒకే టైంకి లైట్లు తీసెయ్యడం, సాయంత్రం నాలుగు దాటాక పడుకోనివ్వకపోవడం, ఇవి కూడా చెయ్యి, ఒక్క రోజులో ఫలితం రాదు గానీ వారాల మీద వస్తుంది.

ఇక శనివారం రాత్రి నీది కాదు, మీ ఆయనది. ఇది అడగడం కాదు, చెప్పడం. శనివారం రాత్రి బాబు పక్కన ఆయన పడుకుంటారు, నువ్వు తలుపేసుకుని వేరే గదిలో, కుదరకపోతే మీ అమ్మగారింట్లో పడుకుని పొద్దున్నే ఎనిమిదింటికి వస్తావు. వాడు రెండింటికి లేస్తే ఆయనే చూసుకుంటారు, ఏడిస్తే ఏడ్చాడు, నువ్వు లేచి వెళ్ళకు. ఇందులో నీకొచ్చే నిద్ర ఒక లాభమైతే, మగపిల్లలకి మాటలు లేటు అనే మాట ఆయన నోట్లోంచి తగ్గడం ఇంకో లాభం. ఆయన్ని చెడ్డవాడని నేననట్లేదు. వారంలో రెండ్రోజులు చూసేవాళ్ళకి పిల్లాడు బాగానే కనపడతాడు, పైగా మన మగవాళ్ళలో చాలామంది భయమేస్తే ఏడవరు, ఒప్పుకోరు, ఆఫీసు పని ఎక్కువ పెట్టుకుంటారు, రాత్రిళ్ళు ఒక్కరే ఫోన్ చూస్తూ కూర్చుంటారు. ఆయనకీ లోపల ఆ భయం ఉండే ఉంటుంది. గొడవలా కాకుండా ఒక్కసారి ఒక శనివారం ఆయన్నే ఒంటరిగా బాబుని తీసుకుని థెరపీకి వెళ్ళమను, నువ్వు వెళ్ళకు. లోపల ఏం చేస్తున్నారో, వాడికి ఏది వస్తోందో ఏది రావట్లేదో థెరపిస్ట్ నోటి నుంచి వింటే అది నువ్వు వందసార్లు చెప్పిన దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఇద్దరూ కలిసి ఒక ఏడాదైనా ఒకే ఊళ్ళో ఉండే మార్గం ఉందేమో, వర్క్ ఫ్రమ్ హోమ్ వారానికి రెండ్రోజులైనా అడగగలరేమో కూడా మాట్లాడుకోండి.

అత్తగారి మాటకి వద్దాం. నువ్వు ఫోన్ ఇవ్వడం వల్ల ఆటిజం రాలేదు. ఇందులో అనుమానం పెట్టుకోకు. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా ఎక్కువని 1977 నుంచి కవల పిల్లల మీద చేసిన స్టడీలు చెప్తూనే ఉన్నాయి, మెదడులో ఆ తేడా బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. వంశంలో అంతకుముందు ఎవరికీ లేకపోయినా రావొచ్చు, ఉన్నా ఆ రోజుల్లో పేరు పెట్టి ఉండకపోవచ్చు, 'వాడో రకం' అని వదిలేసి ఉంటారు. తల్లిని నిందించడం మన అత్తగార్లతో మొదలవలేదులే, 1950లు 60లలో అమెరికాలో పిల్లల మనసు గురించి రాసే పెద్ద పెద్ద వాళ్ళే, బెటెల్‌హైమ్ లాంటి వాళ్ళు, తల్లులు ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని రాశారు. ఎన్ని వేలమంది తల్లులు అది నమ్మి కుమిలిపోయారో. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, తనే సైకాలజిస్ట్ అయిన రిమ్లాండ్ 1964లో అది తప్పని ఆధారాలతో రాశాకే ఆ మాట బలం తగ్గడం మొదలైంది. ఫోన్ తగ్గించడం మంచిదే, ఎందుకంటే ఫోన్ చూసే టైం మనతో ఆడే టైంలోంచి పోతుంది. కానీ నువ్వు కూర చేసుకునే ఇరవై నిమిషాలు ఫోన్ ఇచ్చావనుకో, దానికి ఏడవక్కర్లేదు.

అత్తగారితో వాదించి గెలవాలని చూడకు, ఆవిడకి ఒక పని అప్పజెప్పు. 'కొంచెం సాయం చెయ్యండి' అంటే ఎవరికీ ఏం చెయ్యాలో తెలీదు. 'అత్తయ్యా, రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా వీణ్ణి డాబా మీద మీరు చూసుకోవాలి' అని చెప్పు. ఆ గంట నువ్వు కింద పడుకో, స్నానం చెయ్యి, ఊరికే కూర్చో, వంట మాత్రం చెయ్యకు. మనవణ్ణి రోజూ ఒక గంట చూసుకున్న నాయనమ్మ మాటతీరు మారడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను, అన్ని ఇళ్ళల్లో కాదనుకో. బాబుని వచ్చేసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి, ఫోన్ వల్ల వచ్చిందా అని ఆవిడ ముందే డాక్టర్ని అడుగు. డాక్టరుగారు చెప్తే ఆ లెక్కే వేరు.

మిక్సీ గురించి రాశావు కదా. వాడు అల్లరి చెయ్యట్లేదమ్మా, ఆ శబ్దం వాడికి నిజంగానే భరించలేనంత ఉంటుంది. అలాగని మిక్సీ పూర్తిగా మానెయ్యక్కర్లేదు. వేసేముందు మిక్సీ జార్ చూపించి 'మిక్సీ' అని చెప్పి, వాణ్ణి అత్తగారితో దూరం గదికి పంపి తలుపేసి, అప్పుడు వెయ్యి, అయిపోగానే 'అయిపోయింది' అని చూపించు. శబ్దం తగ్గించే ఇయర్ మఫ్స్ దొరుకుతాయి, పెట్టుకోనిస్తే పెళ్ళిళ్ళలో డప్పుల దగ్గర కూడా పనికొస్తాయి. పచ్చడి కూడా తినలేని జీవితం అయిపోతే మనిషికి ఎలా ఉంటుంది చెప్పు.

కొట్టిన సంగతి. కొట్టడం వల్ల వాడికి గిన్నె విసరకూడదని అర్థం కాదు, అమ్మ అంటే భయం మాత్రం నేర్చుకుంటాడు, కాబట్టి అది మళ్ళీ జరక్కూడదు. అది నీకూ తెలుసు, తెలుసు కాబట్టే బాత్రూంలో ఏడ్చావు. ఆ టైం వస్తున్నట్టు ఒంటికి ముందే తెలుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, పళ్ళు బిగుస్తాయి. అప్పుడు గిన్నె, అన్నం, హోంవర్క్ అన్నీ వదిలెయ్. వాణ్ణి దెబ్బ తగలని చోట కూర్చోబెట్టి, అత్తయ్యా ఒక్క ఐదు నిమిషాలు చూడండి అని గట్టిగా పిలిచి పక్క గదిలోకి వెళ్ళిపో. అన్నం మెతుకులు తర్వాత తుడుచుకోవచ్చు. గిన్నె ఎందుకు విసిరాడో మర్నాడు తీరిగ్గా ఆలోచించు, కడుపు నిండిందని చెప్పడానికి వాడికి వేరే దారి ఉందా? ఒక 'చాలు' అనే చేతి సైగ నేర్పమని థెరపిస్ట్‌ని అడుగు, ఈ నెల టార్గెట్ అదే పెట్టుకున్నా సరిపోతుంది.

స్టెమ్ సెల్ వద్దు. నగలు అమ్మొద్దు. ఆటిజానికి స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్ సిఫార్సు చెయ్యకూడదని మన నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డే 2022 డిసెంబర్‌లో చెప్పింది, పనిచేస్తుందనడానికి ఆధారాల్లేవు, ప్రమాదాలున్నాయి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. నయం చేస్తాం, గ్యారంటీ అని ఎవరన్నా సరే ఆ గుమ్మం దిగి వచ్చెయ్. మన కష్టంలో మన ఆశని అమ్ముకునేవాళ్ళు వాళ్ళు, నాకు ఈ విషయంలో మొహమాటం లేదు.

ఆ డబ్బుల బదులు వచ్చేవి చూసుకో. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కాబట్టి వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ కోసం మీ వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చెయ్యి, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకి కూడా అప్లై చెయ్యి. సర్టిఫికెట్ తీసుకుంటే బాబుకి ముద్ర పడిపోతుందని మీ ఇంట్లో అనొచ్చు, పడదు, అది నువ్వు చూపించిన చోటే కనపడుతుంది. 40 శాతం, ఆపైన వస్తే మీ ఆయన పాత టాక్స్ పద్ధతిలో ఉన్నట్టయితే ఆదాయపు పన్ను లెక్కలో 75,000 మినహాయింపు ఉంది, 80 శాతం, ఆపైన అయితే 1,25,000. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ అని హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులు కూడా కొంతవరకు వస్తాయి, బిల్లులన్నీ దాచిపెట్టుకో. చిన్నపిల్లలకి ఫ్రీగా పరీక్షలు, థెరపీ ఇచ్చే డీఈఐసీ సెంటర్లు ప్రభుత్వ హాస్పిటల్స్‌లో ఉంటాయి, జీజీహెచ్‌కి నీకోసం వెళ్ళిన రోజే అది కూడా అడుగు. స్కూల్ వయసొచ్చాక ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో భవిత సెంటర్లు ఉన్నాయి. ఎప్పుడైనా హైదరాబాద్ మీ ఆయన దగ్గరికి వెళ్తే సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, పాతవాళ్ళు ఎన్ఐఎంహెచ్ అంటారు, అక్కడ పిల్లాడికి అసెస్‌మెంట్ చేసి తల్లిదండ్రులకి కూడా నేర్పిస్తారు. ఒక రోజు చేతిలో పెట్టుకుని వెళ్ళు, హడావిడిగా అయ్యే పని కాదు.

థెరపీ సెంటర్ బయట బెంచీ మీద రోజూ నీతో పాటు కూర్చునే తల్లులుంటారు కదా, అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. వాళ్ళల్లో ఒక్కరితో మాట కలుపు. మీ వాడు రాత్రి పడుకుంటాడా అని అడుగు చాలు, అరగంట ఆగకుండా చెప్తారు. వారంలో రెండ్రోజులు వాళ్ళ పిల్లాణ్ణి నువ్వు, రెండ్రోజులు మీవాణ్ణి వాళ్ళు ఆటోలో దింపే ఏర్పాటు కుదిరిన వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి నువ్వు ఏమీ విడమర్చి చెప్పక్కర్లేదు, సగం మాటకే అర్థమవుతుంది.

ఇవన్నీ ఒక్కసారే మొదలుపెట్టకు తల్లీ, అదింకో భారం అయిపోతుంది. ఈరోజు 14416కి ఫోన్, ఈ వారంలో నీకు డాక్టర్, ఈ శనివారం రాత్రి నిద్ర. ఈ మూడే. సదరం, నిరామయ వచ్చే నెల చూసుకుందువు గాని. డాక్టర్ని కలిసొచ్చాక నీ గురించి ఏమన్నారో, బాబు నిద్రకి ఏమిచ్చారో నాకు రాయి. శనివారం మాట మీ ఆయన ఒప్పుకోకపోతే అదీ రాయి, నేరుగా ఆయనకే ఒక ఉత్తరం రాస్తాను.